కోల్డ్ స్టోరేజీ పెట్టెలో క్విక్-గో: వాడి చూసి రాస్తున్న సమీక్ష

క్విక్ (QUIC) అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ను వాడుకోవడానికి గో ప్రోగ్రామింగ్ భాషలో రాసిన క్విక్-గో (quic-go) అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని మేం గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో నడుపుతున్నాం. సర్వర్లు రాసేవాళ్లకు పనికొస్తుందని దీని గురించి తెలుగులో వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ లైబ్రరీ నాకు బాగా నచ్చింది. నచ్చడానికి పెద్ద కారణం, లోపల ఏం జరుగుతోందో ఇది దాచకుండా చూపించడం. నెట్‌వర్క్ ఇంజినీర్లంటూ వేరే ఎవరూ లేని మా లాంటి చిన్న జట్టుకు ఆ గుణం చాలా విలువైనది.

మాది విజయవాడ పటమటలో చిన్న ఆఫీసు. కోల్డ్ స్టోరేజీలో ప్రతి చాంబర్‌లో టెంపరేచర్, తేమ కొలిచే సెన్సర్లు పెడతాం. కంప్రెసర్ గదిలో అమ్మోనియా సెన్సర్, అక్కడక్కడా కెమెరాలు ఉంటాయి. అవన్నీ ఒక చిన్న లైనక్స్ పెట్టెకు కలుస్తాయి. రీడింగులు, అలారాలు, ఫోటోలు ఆ పెట్టె నుంచి ముంబయిలో మేం అద్దెకు తీసుకున్న సర్వర్‌కు వెళ్తాయి. యజమానులు, మేనేజర్లు ఫోన్లో చూసుకుంటారు.

పని చిన్నదే గానీ, దాని వెనక ఉన్న సరుకు చిన్నది కాదు. గుంటూరు యార్డులో ధర రాకపోతే రైతు మిర్చి టిక్కీలను (బస్తాలను) స్టోరేజీలో పెట్టుకుని ఆగుతాడు. స్టోరేజీ ఇచ్చిన బాండు (రసీదు) మీద అప్పు కూడా తెచ్చుకుని ఉంటాడు. చాంబర్ వేడెక్కితే కాయ రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే ధర తగ్గుతుంది. ఎండాకాలం రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే ఆ సంగతి మేనేజరుకు వెంటనే తెలియాలి. అమ్మోనియా లీకైతే ఇంకా తొందరగా తెలియాలి, అక్కడ మనుషులుంటారు.

మొదట్లో అన్నీ ఒకే టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను వరస తప్పకుండా చేర్చే పాత పద్ధతి) కనెక్షన్ మీద పంపేవాళ్లం. ఒకరోజు ఒక మేనేజరు గారు ఫోన్ చేసి, "ఏమ్మా, మీ పెట్టె ఫోటో పంపడం అయ్యాకే టెంపరేచర్ పంపుతుందా?" అని అడిగారు. నెట్‌వర్కింగ్ ఏమీ తెలియని మనిషి సమస్యను సరిగ్గా పట్టుకున్నారు. టీసీపీ తన దగ్గరున్న బైట్లన్నిటినీ ఒకే వరసలో అందిస్తుంది. మధ్యలో ఒక ప్యాకెట్ దారిలో పోతే, అది మళ్లీ వచ్చేదాకా దాని వెనక చేరిన డేటా అంతా సర్వర్ కెర్నెల్‌లోనే ఆగిపోతుంది, ప్రోగ్రామ్ చేతికి రాదు. యార్డు గేటులో ఒక లారీ చెడిపోతే వెనకున్న ఆటోలూ బళ్లూ అన్నీ ఆగిపోయినట్టే. పోయింది ఫోటో తాలూకు ప్యాకెట్, ఆగింది అలారం.

రెండు టీసీపీ కనెక్షన్లు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ రెండిటికీ వేరువేరుగా హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదలుపెట్టే పలకరింపు), వేరువేరుగా తెగిపోవడం, వేరువేరుగా మళ్లీ కలవడం. పైగా బ్రాడ్‌బ్యాండ్ పోయి 4జీ డాంగిల్‌కు మారితే పెట్టె ఐపీ చిరునామా మారుతుంది, రెండు కనెక్షన్లూ చచ్చిపోతాయి. మాకు కావాల్సింది ఒకే కనెక్షన్‌లో ఒకదానికొకటి అడ్డురాని దారులు, చిరునామా మారినా బతికే కనెక్షన్. ఈ రెండూ క్విక్ ప్రోటోకాల్‌లో పుట్టుకతోనే ఉన్నాయి.

క్విక్ చరిత్ర ఎక్కువ చెప్పను. గూగుల్‌లో 2012లో మొదలైంది. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 2016లో దానికోసం వర్కింగ్ గ్రూప్ పెట్టింది. చాలా మార్పుల తర్వాత 2021 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9000 అనే పత్రంగా ప్రమాణం అయింది. దాని మీద నడిచే హెచ్‌టీటీపీ 3, 2022 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9114గా వచ్చింది. క్విక్ యూడీపీ (చేరుతుందన్న హామీ లేకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద నడుస్తుంది, టీఎల్‌ఎస్ 1.3 ఎన్‌క్రిప్షన్ ఇందులోనే కలిసి ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ లేని క్విక్ అనేదే లేదు. టీసీపీకి ఒక రౌండు (అవతలికి ఒకసారి వెళ్లి రావడం), టీఎల్‌ఎస్‌కు ఇంకో రౌండు అన్నట్టు కాకుండా రెండూ కలిపి ఒకే రౌండులో హ్యాండ్‌షేక్ అయిపోతుంది.

క్విక్-గో కూడా 2016లోనే మొదలైంది. లూకాస్ క్లెమెంటే, మార్టెన్ సీమన్ దీన్ని ప్రారంభించారు. లైసెన్సు ఎంఐటీ. క్యాడీ వెబ్ సర్వర్‌లో హెచ్‌టీటీపీ 3 నడిచేది దీంతోనే. ట్రెఫిక్, సింక్‌థింగ్, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల టన్నెల్ ప్రోగ్రామ్ కూడా దీన్నే వాడతాయి. మా పని హెచ్‌టీటీపీ కాదు కాబట్టి, మేం కింద ఉన్న క్విక్ పొరను నేరుగా వాడుతున్నాం.

మా మొదటి ఊరట బిల్డులో దొరికింది. ఇది పూర్తిగా గోలోనే ఉంది, సీ లైబ్రరీల మీద ఆధారపడదు. ఆఫీసులో లాప్‌టాప్ మీద ఒక ఆదేశంతో ఆర్మ్ పెట్టెకు బైనరీ తయారవుతుంది, తీసుకెళ్లి పెట్టేస్తే నడుస్తుంది. ఒకప్పుడు ఇంత సులువు కాదు. గో ప్రామాణిక టీఎల్‌ఎస్ ప్యాకేజీలో క్విక్‌కు కావాల్సిన తలుపులు లేక, ఈ లైబ్రరీ వాళ్లు ఆ ప్యాకేజీకి సొంత కాపీని మోసేవాళ్లు. గో కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా ఆ కాపీ కూడా కొత్తది వచ్చేదాకా బిల్డ్ అయ్యేది కాదు. 2023 ఆగస్టులో వచ్చిన గో 1.21లో ఆ తలుపులు పెట్టారు. అప్పటినుంచి ఆ బాధ లేదు. మామూలు గో టీఎల్‌ఎస్ సెట్టింగులే ఇక్కడా పనిచేస్తాయి. మేం ప్రతి పెట్టెకూ ఒక క్లయింట్ సర్టిఫికెట్ ఇస్తాం, ఆ ఏర్పాటుకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి: సెట్టింగుల్లో ఏఎల్‌పీఎన్ పేరు, అంటే రెండు వైపులా మాట్లాడుకునే ప్రోటోకాల్ పేరు, తప్పనిసరిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే హ్యాండ్‌షేకే అవదు.

ఇక స్ట్రీములు, అంటే ఒకే కనెక్షన్ లోపలి వేరువేరు దారులు. ఒక్కో ఫోటోకు ఒక స్ట్రీమ్ తెరుస్తాం, పంపాక మూసేస్తాం. రీడింగులకు ఒకటి, అలారాలకు ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటాయి. స్ట్రీమ్ తెరవడం చాలా చవక, దానికోసం అవతలివైపుతో ఒక రౌండు మాట్లాడాల్సిన పనిలేదు. ఈ లైబ్రరీతో పనిచేసేవాళ్లు మొదట్లో తికమకపడేది ఇక్కడే: ఇవతల స్ట్రీమ్ తెరిచినంత మాత్రాన అవతల అది కనపడదు. కనీసం ఒక బైటు పంపాకే అవతల స్ట్రీమ్ కోసం ఎదురుచూస్తున్న ఫంక్షన్ తిరిగి వస్తుంది. ఇంకొకటి, స్ట్రీమ్‌ను మూస్తే మూసుకునేది రాసే వైపు మాత్రమే. చదివే వైపు వద్దనుకుంటే దాన్ని విడిగా రద్దు చేయాలి. కనెక్షన్‌నే మూసేస్తే మాత్రం అప్పటికి అందని డేటా పోతుంది. అందుకని చివరి అలారం చేరిందని సర్వర్ మా సొంత సందేశంతో చెప్పాకే పెట్టె కనెక్షన్ మూస్తుంది. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో రాసి ఉన్నాయి. ఆ డాక్యుమెంటేషన్ శ్రద్ధగా రాసింది, ఎందుకలా ఉందో కూడా చెబుతుంది. మా దగ్గరికి ట్రైనింగ్‌కు వచ్చిన ఇంజినీరింగ్ అమ్మాయికి ముందు అదే చదవమని ఇచ్చాను. చదివొచ్చి, "అక్కా, ఇది చదివితే ఆర్‌ఎఫ్‌సీ కూడా అర్థమవుతోంది" అంది. నాకూ అలాగే అనిపించింది.

ఆఫీసులో నెట్‌వర్క్ లోపాలను అనుకరించే లైనక్స్ నెటెమ్ పెట్టి, 5 శాతం ప్యాకెట్లు పోయేలా చేసి రెండు పద్ధతులనూ పక్కపక్కన నడిపాం. టీసీపీ వైపు ఫోటోలు వెళ్తున్నంతసేపూ రీడింగులు గుంపులుగుంపులుగా వచ్చాయి: కాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా అన్నీ. క్విక్ వైపు రీడింగులు నిలకడగా వచ్చాయి. ఫోటో స్ట్రీమ్‌లో ప్యాకెట్ పోతే ఆ ఫోటో మాత్రమే ఆగింది.

అయితే స్ట్రీములు పూర్తిగా స్వతంత్రం అనుకోవడం సరికాదు, ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి. కంజెషన్ విండో, అంటే అందిందన్న జవాబు రాకముందే దారిలో ఉండగల డేటా హద్దు, కనెక్షన్ మొత్తానికీ ఒకటే. ఫోటో ప్యాకెట్లు పోతే పంపే వేగం అందరికీ తగ్గుతుంది. ఫ్లో కంట్రోల్ (అందుకునేవాళ్లు చదవగలిగినంతే పంపనిచ్చే కట్టడి) కూడా రెండు అంచెల్లో ఉంటుంది: ఒక్కో స్ట్రీమ్‌కు విడిగా ఒకటి, కనెక్షన్ మొత్తానికి ఒకటి. ఈ లైబ్రరీలో మామూలుగా స్ట్రీమ్‌కు 6 మెగాబైట్ల దాకా, కనెక్షన్‌కు 15 మెగాబైట్ల దాకా పెరుగుతుంది. సర్వర్‌లో ఫోటోలు చదివే భాగం నిద్రపోయి, చదవని ఫోటోలు పేరుకుంటే కనెక్షన్ విండో నిండిపోతుంది, అప్పుడు అలారం స్ట్రీమ్ సొంత విండోలో చోటున్నా అలారం ఆగిపోతుంది. అందుకే మా సర్వర్‌లో ఫోటోలను ముందు డిస్క్ మీదకు లాగేస్తాం, వాటితో చేసే పని తర్వాత. క్విక్‌కు మారితే చాలు అడ్డంకులన్నీ పోతాయని ఎవరైనా చెబితే, ఈ విషయం అడగండి.

స్ట్రీములకు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు నేను వాడిన వర్షన్లలో లేదు. పంపాల్సిన డేటా ఉన్న స్ట్రీములన్నిటికీ వంతులవారీగా అవకాశం ఇస్తుంది. అలారం చిన్నది కాబట్టి వంతు వచ్చిన వెంటనే వెళ్లిపోతుంది, మాకు సరిపోయింది. కానీ ఒకేసారి చాలా ఫోటోలు తెరిస్తే వంతు దూరమవుతుంది. పెట్టెలో ఏ సమయంలోనైనా కొద్ది ఫోటోలే నడిచేలా మేమే కట్టడి పెట్టుకున్నాం. అలారం స్ట్రీమ్ ముందు అని చెప్పడానికి ఒక ఫంక్షన్ ఉంటే ఎంత బాగుండేది! ఈ లైబ్రరీలో నేను మనస్ఫూర్తిగా కోరుకునే మార్పు ఇదే.

టైమవుట్ల సంగతి. మామూలుగా 30 సెకన్లపాటు రెండు వైపులా మాటలేకపోతే కనెక్షన్ మూసుకుపోతుంది. లాగ్‌లో "టైమవుట్: నో రీసెంట్ నెట్‌వర్క్ యాక్టివిటీ" అని కనిపిస్తుంది. ఈ గడువు రెండు వైపులా వేరువేరుగా పెడితే తక్కువ ఉన్నదే చెల్లుతుంది. రీడింగు నిమిషానికి ఒకటి పంపేవాళ్లు కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుండేందుకు అప్పుడప్పుడూ పంపే చిన్న ప్యాకెట్) తప్పకుండా పెట్టుకోవాలి, దానంతట అది ఆన్‌లో ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. మొబైల్ కంపెనీల నాట్ పెట్టెలు (చాలామందికి ఒకే ఐపీ చిరునామాను పంచేవి) యూడీపీని టీసీపీ కంటే తొందరగా మర్చిపోతాయి. మనం మాట్లాడకపోతే సర్వర్ నుంచి వచ్చే ప్యాకెట్‌కు తిరుగుదారి ఉండదు. మేం 15 సెకన్లు పెట్టాం. డేటా ప్యాక్ మీద పడే భారం చాలా చిన్నది.

అన్నిటికంటే నాకు ఆనందం ఇచ్చింది కనెక్షన్ మైగ్రేషన్, అంటే చిరునామా మారినా కనెక్షన్ కొనసాగడం. టీసీపీలో కనెక్షన్ అంటే రెండు ఐపీలు, రెండు పోర్టులు. వాటిలో ఏది మారినా కనెక్షన్ పోయినట్టే. క్విక్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఐడీలు ఉంటాయి, ప్యాకెట్ ఏ చిరునామా నుంచి వచ్చినా సర్వర్ ఐడీ చూసి గుర్తుపడుతుంది. ఆ కొత్త చిరునామా నిజమైనదేనా అని ఒక సవాలు ప్యాకెట్ పంపి, జవాబు వచ్చాకే పూర్తిగా నమ్ముతుంది. క్విక్-గోలో క్లయింటు తనంతట తాను దారి మార్చుకునే సౌకర్యం కొంచెం ఆలస్యంగా, 2025లో వచ్చింది. పద్ధతి చక్కగా ఉంది. 4జీ డాంగిల్ మీద ఇంకో యూడీపీ సాకెట్ తెరిచి, దాన్ని కొత్త దారిగా కనెక్షన్‌కు జోడించాలి. ఆ దారిని ప్రోబ్ చేయాలి, అంటే పనిచేస్తుందో లేదో పరీక్షించాలి. అవతలినుంచి జవాబు వస్తే స్విచ్ అనాలి. అంతే, తెరిచి ఉన్న స్ట్రీములన్నీ అలాగే ఉంటాయి. సగం వెళ్లిన ఫోటో మిగతా సగం కొత్త దారిలో వెళ్తుంది, దారిలో పోయినవి మళ్లీ వెళ్తాయి. సర్వర్ వైపు మా ప్రోగ్రామ్‌కు ఏమీ తెలియను కూడా తెలియదు.

ఎప్పుడు మారాలో మాత్రం లైబ్రరీ చెప్పదు, అది మన పని. మా పెట్టె అలారం స్ట్రీమ్ మీద సర్వర్‌ను తరచుగా పలకరిస్తుంది. కొన్ని సెకన్లు జవాబు లేకపోతే 4జీ దారిని ప్రోబ్ చేస్తుంది. ఐడిల్ గడువు ముగిసేలోపు ఇదంతా అయిపోవాలి, అందుకే గడువును రెండు వైపులా ఒక నిమిషానికి పెంచాం. ఇంకో చిక్కు లైనక్స్‌లో ఉంది: సాకెట్‌ను డాంగిల్ చిరునామాకు కట్టినంత మాత్రాన ప్యాకెట్లు డాంగిల్ గుండానే వెళ్తాయని లేదు. దానికి విడిగా రూటింగ్ నియమం రాయాలి, లేదా సాకెట్‌ను ఆ ఇంటర్‌ఫేస్‌కే కట్టేయాలి. ఇది చాలామందిని ఇబ్బందిపెట్టే చోటు, లైబ్రరీ తప్పు కాదు. రెండు దారుల్నీ ఒకేసారి కలిపి వాడటం క్విక్ మొదటి వర్షన్‌లో లేదు, కాబట్టి అది ఇక్కడ ఆశించకండి.

గాలిదుమారానికి ఒక స్టోరేజీ దగ్గర ఫైబర్ తెగిన రాత్రి, మాకు తెలిసింది పెట్టె పంపిన "దారి మారింది" అనే సందేశం చూసే. చాంబర్ టెంపరేచర్ గ్రాఫ్‌లో గీత ఎక్కడా తెగలేదు. మేనేజరు గారికి నెట్ పోయిందని నేను చెప్పేదాకా తెలియదు.

క్యూలాగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. క్విక్‌లో హెడర్లు కూడా చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. టీసీపీకి అలవాటుపడినట్టు ప్యాకెట్లు పట్టుకుని చూస్తే యూడీపీ గుట్టలు తప్ప ఏమీ కనిపించవు. అందుకని కనెక్షన్ కొసల్లో ఉన్న ప్రోగ్రామే సంఘటనలు రాసిపెట్టే క్యూలాగ్ అనే పద్ధతి వచ్చింది. క్విక్-గోలో దాని ట్రేసర్‌ను తగిలించి, క్యూలాగ్‌డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఒక ఫోల్డరు పేరు ఇస్తే చాలు. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ఫైలు పడుతుంది. ఏ ప్యాకెట్ ఎప్పుడు వెళ్లింది, ఏది పోయిందని తేల్చింది, ఎందుకు తేల్చింది, ఆ క్షణాన కంజెషన్ విండో ఎంత, రౌండ్‌ట్రిప్ సమయం ఎంత, అన్నీ ఉంటాయి. క్యూవిస్ అనే వెబ్ పనిముట్టులో ఆ ఫైలు తెరిస్తే బొమ్మగా కనిపిస్తుంది.

ఒక స్టోరేజీలో సాయంత్రాలు ఫోటోలు నత్తనడక నడిచేవి. కెమెరా చెడిపోయిందని అక్కడివాళ్లు, పెట్టె సరిపోవట్లేదని ఇంకొకరు. క్యూలాగ్ తెరిచి చూశాం. విండో పెరుగుతూ పెరుగుతూ ఒకే ఎత్తుకు చేరగానే ప్యాకెట్లు గుంపుగా పోతున్నాయి. విండో ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ మెల్లగా ఎక్కి, మళ్లీ అదే ఎత్తులో పడుతోంది. రౌండ్‌ట్రిప్ సమయం మాత్రం పోవడానికి ముందు పెరగట్లేదు. మామూలు రద్దీ అయితే ముందు క్యూ పెరిగి, ఆలస్యం పెరిగి, ఆ తర్వాత ప్యాకెట్లు పోతాయి. ఇక్కడ ఆలస్యం లేకుండానే కత్తిరించినట్టు పోతున్నాయంటే, దారిలో ఎవరో యూడీపీకి వేగం హద్దు పెట్టి, దాటినదాన్ని పారేస్తున్నారన్నమాట. అదే లైన్ మీద టీసీపీ పరీక్ష చేస్తే ఆ హద్దు లేదు. ఆ బొమ్మ ప్రింటు తీసి, అక్కడి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మనిషికి చూపించాం. "మీ లైన్లో ఏ సమస్యా లేదు మేడం" అన్న ఆయనే ఆ కాగితం చూశాక పైవాళ్లతో మాట్లాడారు. తర్వాత ఆ హద్దు పోయింది. క్యూలాగ్ లేకపోతే మేం కెమెరాలు మార్చుకుంటూ ఉండేవాళ్లం. ఇలాంటి పనిముట్టును ఉచితంగా, ఇంత శ్రద్ధగా ఇచ్చినవాళ్ల మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

ప్రోగ్రామ్ మొదలైనప్పుడు చాలామంది చూసే హెచ్చరిక ఇంకొకటి: యూడీపీ రిసీవ్ బఫర్ ఎంత ఉంది, ఎంత కావాలి, ఎంత దొరికింది అని ఒక వాక్యం వస్తుంది. లైనక్స్ మామూలుగా ఇచ్చే బఫర్ చిన్నది, డేటా ఉప్పెనలా వస్తే కెర్నెల్‌లోనే ప్యాకెట్లు పోతాయి. సిస్‌కంట్రోల్‌లో నెట్.కోర్ కింద ఉన్న ఆర్‌మెమ్ మ్యాక్స్, డబ్ల్యూమెమ్ మ్యాక్స్ రెండిటినీ 75,00,000 బైట్లకు పెంచమని ప్రాజెక్టు వికీలో ఉంది. సర్వర్ మీద అది తప్పకుండా చేయండి. హెచ్చరికను పట్టించుకోకుండా, క్విక్ నెమ్మది అనడం న్యాయం కాదు.

వేగం విషయంలో నిజం చెప్పాలి. క్విక్ అంతా యూజర్ స్పేస్‌లో నడుస్తుంది, ప్రతి ప్యాకెట్‌నూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. లైనక్స్‌లో జీఎస్‌ఓ అనే సౌకర్యం వాడి, ఒకే సిస్టమ్ కాల్‌తో చాలా ప్యాకెట్లు పంపుతుంది కాబట్టి భారం తగ్గుతుంది, అయినా శుభ్రమైన లైన్ మీద పెద్ద పెద్ద ఫైళ్లు తోయడానికి కెర్నెల్ టీసీపీయే తక్కువ సీపీయూతో పని కానిస్తుంది. మీ పని అదొక్కటే అయితే ఈ లైబ్రరీ జోలికి రానక్కర్లేదు. ప్యాకెట్ సైజు విషయంలో మాత్రం ఇది తెలివిగా ఉంటుంది. 1280 బైట్లతో మొదలుపెట్టి, దారి ఎంత మోయగలదో పరీక్షిస్తూ పెంచుకుంటుంది. పీపీపీఓఈ (లాగిన్‌తో నడిచే బ్రాడ్‌బ్యాండ్) లైన్ల మీద 1500 బైట్లు పట్టవని మనం ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేదు.

ఇక ఫిర్యాదులు. వర్షన్ నంబర్ ఇప్పటికీ సున్నాతోనే మొదలవుతుంది, దానికి తగ్గట్టే ఏపీఐ (మన ప్రోగ్రామ్ పిలిచే ఫంక్షన్ల రూపం) మారుతూ ఉంటుంది. 2025లో కనెక్షన్, స్ట్రీమ్ ఇంటర్‌ఫేసులన్నిటినీ స్ట్రక్టులుగా మార్చారు. మార్పు మంచిదే, కొత్త ఫంక్షన్లు చేర్చడం వాళ్లకు సులువైంది. కానీ వాటికి నకిలీలు రాసుకుని టెస్టులు పెట్టుకున్న మా లాంటివాళ్లకు ఆ వారమంతా కోడు సరిచేసుకోవడంతోనే సరిపోయింది. ప్రతి విడుదలకూ ఏం మారిందో స్పష్టంగా రాస్తారు, అది చదవకుండా వర్షన్ ఎక్కించకండి.

అలాగని పాత వర్షన్ మీదే కూర్చోవడం కూడా కుదరదు. 2024లో సీవీఈ-2024-22189 అనే భద్రతా లోపం బయటపడింది. దాడి చేసేవాడు కొత్త కనెక్షన్ ఐడీలను ఎడతెగకుండా పంపుతూ, పాతవాటిని రద్దు చేయమంటాడు. ఆ రద్దు జవాబులు వరసలో పేరుకుని సర్వర్ మెమరీ నిండిపోతుంది. 0.42 వర్షన్‌లో సరిచేశారు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న యూడీపీ పోర్టు మీద నడిచే ప్రోగ్రామ్ కాబట్టి, కొత్త వర్షన్లు పెట్టుకునే ఓపిక లేనివాళ్లు దీన్ని వాడకపోవడమే మంచిది.

రద్దీని బట్టి పంపే వేగాన్ని నిర్ణయించే కంజెషన్ కంట్రోల్ పద్ధతిని మార్చుకునే వీలు బయటికి ఇవ్వలేదు, అది ఇంకో లోటు. మాకు అందులో ఉన్న పద్ధతే సరిపోయింది. రేడియో లింకుల మీద ప్యాకెట్లు ఊరికే పోయే చోట బీబీఆర్ లాంటి వేరే పద్ధతి కావాలనుకునేవాళ్లు లైబ్రరీని ఫోర్క్ చేసుకుంటున్నారు, అంటే సొంత కాపీ పెట్టుకుని మార్చుకుంటున్నారు. ఫోర్క్‌ను మోయడం చిన్న జట్టు వల్ల అయ్యే పని కాదు, నేను వద్దనే చెబుతాను.

వేరే లైబ్రరీల గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. రస్ట్‌లో పనిచేసేవాళ్లకు క్విన్ ఉంది, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల కీష్ ఉంది. సీలో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్‌క్విక్, కర్ల్‌లో వాడే ఎన్‌జీటీసీపీ2 ఉన్నాయి. పైథాన్‌లో నేర్చుకోవడానికి ఏఐఓక్విక్ చాలా బాగుంటుంది, కోడు చదవగలిగేలా ఉంటుంది. మా ప్రోగ్రామ్ ముందునుంచీ గోలో ఉంది, అందుకే క్విక్-గో తీసుకున్నాం. మీ ప్రోగ్రామ్ వేరే భాషలో ఉంటే, ఈ ఒక్క లైబ్రరీ కోసం భాష మార్చొద్దు.

వాడాలనుకునేవాళ్లు కోడు మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మీ కస్టమర్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల అసలు లైన్ మీద, వాళ్ల అసలు రూటర్ వెనక నుంచి యూడీపీ పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. కొన్ని ఆఫీసుల ఫైర్‌వాల్స్ డీఎన్‌ఎస్ తప్ప మిగతా యూడీపీని మూసేస్తాయి, అక్కడ ఏ క్విక్ లైబ్రరీ అయినా చేయగలిగింది ఏమీ లేదు. హ్యాండ్‌షేక్‌కు అవతలినుంచి జవాబు రాకపోతే ఈ లైబ్రరీ మామూలుగా 5 సెకన్లకు వదిలేసి ఎర్రర్ ఇస్తుంది. మా పెట్టె ఆ ఎర్రర్ రాగానే పాత టీసీపీ దారికి వెళ్లి అలారాలు, రీడింగులు మాత్రం పంపుతుంది, ఫోటోలు ఆపేస్తుంది, గంటకోసారి మళ్లీ క్విక్ ప్రయత్నిస్తుంది. ఆ టీసీపీ కోడును మేం తీసేయలేదు, తీసేసే ఆలోచన కూడా లేదు.